దయకు శాసనం అవసరమా?

తెలుగులో ‘శాసనం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రాతి మీద చెక్కించిన రాజాజ్ఞ శాసనమే. శాసనసభ ఆమోదించిన చట్టమూ శాసనమే. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద అశోకుడు క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో చెక్కించిన శాసనాలలో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్లు, ఓషధులు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించినట్లు, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించినట్లు చెబుతుంది. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఒక ప్రసూతిశాలను, ఒక ఆరోగ్యశాలను పేర్కొని, వాటి నిర్వహణకు ఆదాయాన్ని కేటాయించింది. కాలంలోనూ మతంలోనూ ఎంతో దూరమైన ఈ రెండు శాసనాలలో ఒక సామ్యం కనిపిస్తుంది. దయ పాలకుని మనసులో పుట్టి అక్కడే నిలిచిపోలేదు. అది బావి అయింది, చెట్టు అయింది, జీతమిచ్చి నిలిపిన వైద్యుడయింది. దప్పిక గొన్న బాటసారి ఆ పాలకుణ్ణి ఎరగనక్కరలేదు, పాలకుడు ఆ బాటసారిని చూడనక్కరలేదు. ఇద్దరి మధ్యా శాసనం ఉన్నది.

అయితే దయను శాసించడం సాధ్యమేనా? ఒకరి ఆజ్ఞకు లోబడి చూపే దయ దయ అనిపించుకుంటుందా? అత్యవసర వైద్య సేవలకు సంబంధించిన రాష్ట్ర నిబంధనలను కాలానుగుణంగా సవరించడం అన్నది పైకి కేవలం పరిపాలనా వ్యవహారంగా కనిపిస్తుంది. వాహనాల కొలతలు, సిబ్బంది అర్హతలు, రిజిస్టర్లు, రుసుములు ఇవే అందులోని విషయాలు. కానీ ఆ కాగితాల అడుగున ఒక పాత ప్రశ్న కదలాడుతూనే ఉంటుంది: మనకు ఏమీ కాని మనిషి పట్ల మన బాధ్యత ఏమిటి? ఆ బాధ్యతను ఎవరి భుజం మీద పెట్టాలి?

ఎవరూ క్రూరులు కాని మరణం

ఈ ప్రశ్నను మన దేశంలో స్పష్టంగా నిలబెట్టిన సంఘటన ఒకటి ఉన్నది. వేగంగా వచ్చిన కారు ఒక స్కూటరిస్టును పడగొట్టింది. దారిన పోయేవాడొకడు ఆగి, నెత్తురోడుతున్న ఆ మనిషిని దగ్గరలోని ఆస్పత్రికి చేర్చాడు. ఇది మెడికో-లీగల్ కేసు, ఇటువంటివి చూసే అధికారం తమకు లేదు, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో ఆస్పత్రికి తీసుకువెళ్ళమని అక్కడి వైద్యులు చెప్పారు. అక్కడికి చేరకముందే దారిలో అతడు మరణించాడు. పత్రికలో వచ్చిన ఈ వార్తను ఆధారం చేసుకుని న్యాయవాది పరమానంద్ కటారా సుప్రీంకోర్టును ఆశ్రయించగా, 1989 ఆగస్టు 28న తీర్పు వెలువడింది. ప్రాణరక్షణకు మించిన కర్తవ్యం లేదని, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందుగా చికిత్స చేయవలసిందేనని, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతి విషయమని న్యాయస్థానం నిర్ద్వంద్వంగా ప్రకటించింది.

ఆ తీర్పులో మనం ఆగి ఆలోచించవలసిన అంశం మరొకటి ఉన్నది. గాయపడినవారికి చికిత్స చేయరాదని చెప్పే నిబంధన ఏ చట్టంలో ఉన్నదని వెదికితే ఎక్కడా దొరకలేదు. శిక్షాస్మృతిలో లేదు, నేర విచారణ స్మృతిలో లేదు, మోటారు వాహనాల చట్టంలో లేదు. అంటే ఆ మనిషి ప్రాణం తీసింది చట్టం కాదు, చట్టం ఉన్నదన్న భయం. ఆ వైద్యులు దుర్మార్గులని అనుకోవడానికి ఆధారం లేదు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పవలసి వస్తుందేమో, పై అధికారి సంజాయిషీ అడుగుతాడేమో, తమ పరిధిని మించినట్లవుతుందేమో అని వారు జంకి ఉండవచ్చు. అలా జంకిన చేతులు వెనక్కి వెళ్ళాయి. నీతిశాస్త్రం సాధారణంగా మంచివానికీ చెడ్డవానికీ మధ్య తేడా గురించి మాట్లాడుతుంది. మనలో ఎక్కువమందిమి మంచివాళ్ళమూ కాము, చెడ్డవాళ్ళమూ కాము, భయస్థులం. నిబంధనలు రాసేవారు ముందుగా గుర్తుంచుకోవలసినది ఈ మూడవ రకం మనిషిని.

పడక లేదన్న సమాధానం

భయం తొలగిపోయినంత మాత్రాన బాధ్యత నెరవేరదు. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో ఒక వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడి తలకు తీవ్రంగా గాయపడ్డాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అతనికి తగిన సదుపాయం లేదు. అక్కడి నుంచి పంపగా ఒకదాని తర్వాత ఒకటిగా పలు ప్రభుత్వ ఆస్పత్రులు పడక లేదనో, అవసరమైన పరికరం లేదనో అతణ్ణి చేర్చుకోలేదు. చివరకు కలకత్తాలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకొని బతికి బయటపడ్డాడు. 1996 మే 6న సుప్రీంకోర్టు అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. వేళకు వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధులు చాలవన్న కారణంతో ప్రభుత్వం ఈ కర్తవ్యం నుంచి తప్పుకోజాలదని తేల్చి చెప్పింది. ఏ ఆస్పత్రిలో పడక ఖాళీగా ఉన్నదో వెంటనే తెలిసే సమాచార వ్యవస్థ, పరికరాలూ సిబ్బందీ ఉన్న అంబులెన్సులు ఏర్పాటు కావాలని కూడా సూచించింది.

మొదటి సంఘటనలో ‘మాకు అధికారం లేదు’ అన్నారు. రెండవ దానిలో ‘మా దగ్గర చోటు లేదు’ అన్నారు. రెండవ మాట అబద్ధం కాకపోవచ్చు. ప్రతి ఆస్పత్రీ విడివిడిగా నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ ఆ నిజాలన్నీ కలిసి ఒక అన్యాయం అయింది. పదిమందిలో పాము చావదని మన సామెత. అందరి మీదా సమానంగా ఉన్న బాధ్యత ఎవరి మీదా లేనట్లే లెక్క. వ్యక్తి మంచితనం ఎంత ఉన్నా ఈ లోపాన్ని పూరించలేదు. ‘ఇతడు ఇప్పుడు నీ బాధ్యత’ అని ఎవరో ఒకరికి పేరుపెట్టి అప్పగించే ఏర్పాటు కావాలి. శాసనం చేయగల పని సరిగ్గా ఇదే.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ ఇటువంటి ఏర్పాటే. ఆ తర్వాత అది అనేక రాష్ట్రాలకు విస్తరించింది. నేడు మన పల్లెల్లో ఆ వాహనం పేరే నూట ఎనిమిది. ఆపదలో ఎవరి ఇంటి తలుపు తట్టాలన్న ప్రశ్నకు ఆ మూడంకెలు సమాధానమయ్యాయి. గుజరాత్ 2007లో అత్యవసర వైద్య సేవలకు ప్రత్యేక చట్టమే చేసింది. అంబులెన్సు అంటే ఏమిటో నిర్వచించే జాతీయ ప్రమాణాలు ఆ తర్వాత వచ్చాయి. ప్రథమ స్పందన వాహనం, రోగిని తరలించే వాహనం, ప్రాథమిక ప్రాణరక్షణ వాహనం, ఉన్నత ప్రాణరక్షణ వాహనం అని నాలుగు తరగతులు ఏర్పడ్డాయి. ఈ వర్గీకరణ కేవలం సాంకేతికమని కొట్టివేయరాదు. లోపల బల్ల ఒక్కటే ఉన్న వ్యాను మీద అంబులెన్సు అని రాసి తిప్పితే, దాన్ని నమ్మి ఎక్కిన కుటుంబానికి చేసేది మోసమే. పేరును నిజం చేయడం కూడా శాసన ధర్మం. అలాగే ఆ వాహనంలో రోగి పక్కన కూర్చుని ఊపిరి నిలబెట్టే టెక్నీషియనుకు చాలాకాలం దేశవ్యాప్త చట్టంలో పేరు లేదు. 2021 నాటి అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆ వృత్తిని గుర్తించింది. పేరు లేని చేతికి బాధ్యత ఉంటుంది గాని గౌరవం ఉండదు, రక్షణా ఉండదు.

దారిన పోయేవాని ధర్మం

ఇక దారిన పోయేవాని సంగతి. ఫ్రాన్సు దేశపు శిక్షాస్మృతిలో, తనకు గాని ఇతరులకు గాని ముప్పు లేకుండా సహాయం చేయగలిగి ఉండి కూడా ఆపదలో ఉన్నవానికి చేయకపోవడం నేరం. మన దేశం ఆ మార్గాన్ని అనుసరించలేదు. 2016 మార్చి 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను మరో తీరున ఆలోచించాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవానికి సద్బుద్ధితో సహాయం చేసినవాని మీద సివిలు బాధ్యత గాని క్రిమినలు బాధ్యత గాని ఉండదు. అతడు తన పేరు చెప్పనక్కరలేదు. సాక్షిగా ఉండమని బలవంతపెట్టరాదు. చట్టం అతణ్ణి ‘దయ చూపు’ అని ఆజ్ఞాపించలేదు. ‘నీవు దయ చూపితే నిన్ను వేధించము’ అని మాట ఇచ్చింది.

ఇది తక్కువ స్థాయి ఆదర్శమని కొందరు అనవచ్చు. నాకు అలా తోచదు. మనిషిలో దయ కొరవడి ప్రమాద స్థలం నుంచి మొగం తిప్పుకొని పోవడం ఒక ఎత్తు, దయ ఉండీ స్టేషను చుట్టూ తిరగలేక పోవడం మరొక ఎత్తు. మొదటిదానికి మందు చట్టంలో లేదు, పెంపకంలో ఉన్నది. రెండవదాన్ని సృష్టించింది ప్రభుత్వ యంత్రాంగమే కనుక, దాన్ని తొలగించవలసిన రుణమూ దానిదే. శాసనం దయను పుట్టించలేదు, కానీ దయకు అడ్డుగా తాను పెట్టిన రాయిని తానే తీయగలదు.

వైద్యుని విషయం వేరు. చేతిలో విద్య, ఎదుట రోగి, నెత్తిన పదవి ఉన్నవాడు దారిన పోయేవాడు కాడు. 2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి, వైద్యుడు తాను ఎవరికి సేవ చేయాలో ఎంచుకునే స్వేచ్ఛను ఒప్పుకుంటూనే, అత్యవసర పరిస్థితిలో పిలుపు వస్తే స్పందించవలసిందేనని చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను, లాంఛనాల కోసం వేచి ఉండకుండా చికిత్స చేయడం డ్యూటీలో ఉన్న డాక్టరు విధి అన్నది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం, తమకున్న సిబ్బంది, సదుపాయాల మేరకు రోగి పరిస్థితిని స్థిరపరచే బాధ్యతను ఆస్పత్రుల మీద పెట్టింది. ఇక్కడ ఆజ్ఞ న్యాయమే. అయితే ఆజ్ఞ ఇచ్చేవానికి కూడా ఒక ధర్మం ఉన్నది.

ఖర్చు ఎవరిది?

రాజస్థాన్ శాసనసభ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించింది. ముందుగా సొమ్ము చెల్లించకపోయినా అత్యవసర చికిత్స పొందే హక్కును అది ప్రజలకిచ్చింది. ప్రైవేటు వైద్యులు పెద్దయెత్తున ఆందోళనకు దిగారు. వారి ప్రశ్నలలో స్వార్థం కొంత ఉండవచ్చు గాని, ఏది అత్యవసరమో ఎవరు నిర్ణయిస్తారు, ఖర్చు ఎవరు, ఎంత, ఎప్పుడు చెల్లిస్తారు అన్న ప్రశ్నలను స్వార్థమని తోసిపుచ్చలేము. మల్కాపురం శాసనం ఆరోగ్యశాలను పేర్కొని ఊరుకోలేదు, దానికి ఆదాయం చూపింది. ఆదాయం చూపకుండా ధర్మాన్ని విధించడమంటే ఇతరుల ఇంటి బియ్యంతో అన్నదానం చేయడమే.

ఈ దిశలో ఒక అడుగు పడింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, గాయపడిన నాటి నుంచి ఏడు రోజులవరకు, 1,50,000 రూపాయల పరిమితిలో నగదు చెల్లించనక్కరలేని చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. గాయపడిన తర్వాతి మొదటి గంటను కీలకమైన కాలంగా మోటారు వాహనాల చట్టం 2019 సవరణలోనే నిర్వచించింది. ఆ గంటలో సొమ్ము ప్రస్తావన రాకూడదన్నది దీని ఆశయం. ఇది హర్షించదగినదే.

కానీ ఒక సందేహం మనసును తొలుస్తుంది. ఒకే రాత్రి ఒకే ఆస్పత్రికి ఇద్దరు వచ్చారనుకుందాం. ఒకరిని లారీ గుద్దింది. మరొకరు వరిచేలో నీరు కట్టడానికి వెళ్ళి పాము కాటుకు గురైన రైతు. ఇద్దరికీ గంట గంటా విలువైనదే. మొదటివానికి ఈ పథకం వర్తిస్తుంది, రెండవవానికి వర్తించదు. రాజ్యాంగం 7వ షెడ్యూలులో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. వాహన ప్రమాదానికి బీమా నిధి ఉన్నది, పాము కాటుకు అటువంటి నిధి లేదు. ఈ తేడాకు పరిపాలనాపరమైన కారణాలు ఉన్నాయి, నైతికమైన కారణం లేదు. శాసనం గాయాన్ని చూడడం లేదు, గాయం చేసిన వస్తువును చూస్తున్నది. రోగుల కోసం ఇతర పథకాలు ఉండవచ్చు. అయినా కార్డు ఏది, పథకం ఏది, జబితాలో జబ్బు ఉన్నదా లేదా అన్న విచారణ మొదటి గంటలో జరగడమే అసలు దోషం. రాష్ట్రాలు తమ నిబంధనలను సవరించేటప్పుడు పూరించవలసిన పెద్ద ఖాళీ ఇదే. కేంద్రం వాహనం వైపు నుంచి మొదలుపెట్టిన హక్కును రాష్ట్రం మనిషి వైపు నుంచి పూర్తిచేయాలి.

సరిహద్దు దగ్గర

మరొక ఖాళీ సరిహద్దుల వద్ద ఉన్నది. 2021 మే నెలలో, కోవిడ్ రెండవ ఉధృతి కాలంలో, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు వస్తున్న రోగుల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో నిలిపివేశారు. హైదరాబాదు ఆస్పత్రులలో ముందుగా పడక ఖాయం చేసుకుని అనుమతి పొందినవారే రావాలన్నది నిబంధన. దానికీ ఒక తర్కం లేకపోలేదు. పడకలు పరిమితం, రోగులు అనేకం, తన ప్రజలకు మొదట జవాబు చెప్పుకోవలసింది ఆ రాష్ట్ర ప్రభుత్వమే. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఉత్తర్వు అమలును ఆపింది. అప్పటికి ఏడేళ్ళ క్రితం వరకు ఒకే రాష్ట్రంగా ఉన్న ప్రాంతంలో, ఒకే భాష మాట్లాడే మనుషుల మధ్య ఈ ప్రశ్న తలెత్తిందంటే, ఎక్కడైనా తలెత్తవచ్చు. పొరుగు రాష్ట్రంతో ముందే ఒప్పందం చేసుకుని, ఏ రోగిని ఏ ఆస్పత్రికి పంపాలో, ఖర్చును ఎలా పంచుకోవాలో సుఖంగా ఉన్న రోజులలోనే రాసిపెట్టుకోవాలి. ఆపద వచ్చిన రోజున కూర్చుని రాసే నిబంధనలో భయం రాయిస్తుంది, వివేకం కాదు.

ఈ అనుభవాలన్నిటి నుంచి సవరణకు కొన్ని సూత్రాలు తేలుతున్నాయి. నిబంధన ఒక్కొక్క బాధ్యతను ఒక్కొక్కరికి పేరుపెట్టి అప్పగించాలి. విధించిన ప్రతి కర్తవ్యానికి తగిన నిధిని చూపాలి. ఆపదకు మూలం ఏదన్నది మొదటి గంటలో అడగరాదు. సహాయపడే చేతిని భయపెట్టే ప్రతి లాంఛనాన్ని చికిత్స తర్వాతికి జరపాలి. నిర్ణీత కాలానికి ఒకసారి, ఆ మధ్య తిరస్కరణకు గురైనవారి అనుభవాలను ముందు పెట్టుకుని, నిబంధనలను మళ్ళీ చదవాలి. ఎందుకంటే రాసినప్పుడు రక్షణగా ఉన్న నియమమే కాలక్రమంలో సాకుగా మారుతుంది. మెడికో-లీగల్ పద్ధతి గాయపడినవానికి న్యాయం జరగాలనే ఏర్పడింది. సాక్ష్యాన్ని కాపాడబోయి సాక్ష్యం చెప్పవలసిన మనిషినే పోగొట్టుకున్నది.

అన్నిటికంటే ముఖ్యంగా, రాసేవాడు ఎవరిని ఊహించుకుని రాస్తున్నాడన్నది గమనించాలి. సచివాలయంలో ఫైలు చదివే అధికారిని కాదు, ఒక చిన్న పట్టణపు ఆస్పత్రిలో రాత్రి రెండు గంటలకు ఒంటరిగా డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిని ఊహించుకోవాలి. వాకిట్లో ఆటో ఆగింది. తీసుకువచ్చినవారికి గాయపడినవాని పేరు తెలియదు. పోలీసులు లేరు, బంధువులు లేరు, సొమ్ము లేదు. ఆ నిమిషంలో శాసనం ఆమె వెనుక నిలబడుతుందా, ఆమెకు అడ్డు నిలబడుతుందా? ఏ నిబంధనకైనా నైతిక పరీక్ష ఇదే.

ఆపన్నులకు సహాయపడేవారి హక్కులను ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో ఆస్పత్రి ప్రవేశ ద్వారం వద్ద గాని స్పష్టంగా కనిపించే మరోచోట గాని ప్రదర్శించాలని 2020 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర నియమాలు నిర్దేశించాయి. మన ఆస్పత్రుల గోడల మీద తెలుగులో ఉండవలసిన ఆ బోర్డు మన కాలపు శిలాశాసనం. ఎర్రగుడి రాతను ఈనాడు చదవగలిగేవారు కొద్దిమంది పండితులే. ఈ రాతను మాత్రం నెత్తురంటిన చేతులతో, అర్ధరాత్రి వేళ, భయంభయంగా లోపలికి అడుగుపెట్టే సామాన్యుడు చదవగలగాలి. చదివి, ధైర్యం తెచ్చుకుని, తన చేతుల్లో ఉన్న మనిషిని లోపలికి తీసుకుపోగలగాలి.